ఫిల్టర్ లేకుండా గోదావరి దాటిన ఆదివారం

పాత ఎయిర్ ఫిల్టర్‌ను కారులోంచి తీసిన వెంటనే కత్తెరతో కోసేస్తాను. ముందు రబ్బరు అంచు, తర్వాత లోపలి మడతల కాగితం. కాగితం తెగుతుంటే మడతల్లోంచి బూడిద రాలుతుంది, జామాయిల్ బెరడు పొట్టు రాలుతుంది, ఒక్కోసారి రెక్కలు ఊడిన తూనీగ పడుతుంది. నాలుగు ముక్కలు చేసి చెత్త డబ్బాలో వేశాకే కొత్తదాన్ని అట్టపెట్టెలోంచి బయటికి తీస్తాను.

"పాడైపోయినదాని మీద గంత కోపమేంది కాటమ్మా?" అని ఎదురింటామె నవ్వేది.

కోపం కాదు. అది మా మరిది చేతికి మళ్లీ చిక్కకూడదు. అంతే.

కాటమ్మ అనేది నా పేరు కాదు. సారపాక రోడ్డు మీద ఒక ప్రైవేటు కాటా ఉండేది. కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీలనూ ట్రాక్టర్లనూ అక్కడ తూచేవాళ్లం. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ గదిలో కూర్చున్నాను, తెల్లబడ్డాక లేచాను. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే మిగిలేది కర్ర. కొందరు బెరడు తడిపి తెచ్చేవాళ్లు, కొందరు లోడు కింద రాళ్లు పెట్టుకొచ్చేవాళ్లు. నేను గది దిగి, చెయ్యి పెట్టి చూసి, చీటీ మీద ఉన్నది ఉన్నట్టు రాసేదాన్ని. అలా రాసినందుకు ఒక డ్రైవరు నేను పక్కనే నిలబడి ఉండగా బండి వెనక్కి తీశాడు. నా ఎడమ కాలి బొటనవేలికి ఇప్పటికీ గోరు లేదు. ఆ రోజు కూడా చీటీ చించలేదు.

మా ఊరు గోదావరికి ఇవతల, రోడ్డు పక్కనే. బొగ్గు టిప్పర్లు, బూడిద టిప్పర్లు, కర్ర లారీలు ఆగకుండా నడుస్తాయి. ఎండాకాలం ఎదురుగా వచ్చే లారీ కనబడదు, దాని దుమ్ము కనబడుతుంది. అడవి అంచున చెట్ల ఆకులు ఏ రంగువో వానలు పడితేనే తెలుస్తుంది. మా వీధి కుక్కల్లో ముసలిది ఒక్కటీ లేదు. అంతదాకా ఏ టిప్పరూ బతకనివ్వదు. పొద్దున తలుపు తీసేసరికి తారు మీద ఒక తోలుముక్క అతుక్కుని ఉంటుంది, సాయంత్రానికి అదీ దుమ్మైపోతుంది. ఆ దుమ్మునే మా కార్లు పీలుస్తాయి.

కాటా నుంచి దిగిపోయాక పాత పెట్రోలు కారు ఒకటి కొనుక్కున్నాను. అప్పటికి మావారు లేరు. అరవైకి దగ్గర్లో డ్రైవింగు నేర్చుకున్నాను. ఎన్ని కిలోమీటర్లకు ఫిల్టర్ మార్చమని కారు పుస్తకంలో ఉందో అందులో సగానికే మారుస్తాను. ఆ పుస్తకం రాసినవాళ్లు మా రోడ్డు చూడలేదు. కొత్త ఫిల్టర్ అంచు మీద మార్కర్‌తో తేదీ, మీటరు అంకె రాస్తాను.

పని పెద్దది కాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తాలి. బ్యాటరీ పక్కన నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. చుట్టూ ఉన్న ఇనుప క్లిప్పులు లేపితే మూత వస్తుంది. పాతది ఎత్తి తీసి, అడుగున చేరిన పొట్టునూ పురుగులనూ తడిగుడ్డతో తుడిచి, కొత్తది కూర్చోబెట్టాలి. రబ్బరు అంచు గాడిలో అంతటా దిగితేనే మూత పడుతుంది. బలవంతంగా క్లిప్పు వేస్తే ఏదో ఒక మూల సందు మిగులుతుంది. దుమ్ము ఆ సందునే వెతుక్కుంటుంది.

మా చెల్లెలిది పక్కిల్లే. మధ్యలో కంచె, ఆ కంచెలో మనిషి దూరేంత సందు. ఆమె మొగుడే మా మరిది. అతనికి పాత ట్రాక్టర్ ఉంది, జామాయిల్ తోటల నుంచి కర్ర తోలుతాడు. చూడటానికి సన్నగా ఉంటాడు గాని, పచ్చి దుంగను ఒక్కడే భుజానికెత్తుకుంటాడు. ఆ చెయ్యి నా చెల్లెలి ఒంటి మీద ఏం చేసేదో నాకు తెలుసు. ఆమె మాత్రం ఒక్కనాడూ చెప్పేది కాదు. పన్ను ఊడినా, చెవి తమ్మె తెగినా, "బోరింగు కాడ జారిన అక్కా" అనేది. వాళ్ల బోరింగు చుట్టూ ఉన్న గచ్చును నేనే మేస్త్రీని పిలిపించి గరుకుగా వేయించాను. అయినా ఆమె జారుతూనే ఉంది.

మాది చర్చికి పోయే కుటుంబం. ఆరాధన మధ్యలో లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం మా సంఘంలో అలవాటు. నా చెల్లెలు కమిలిన మొహం మీదికి కొంగు లాక్కుని లేచేది. "బోరింగు కాడ జారి పడ్డా కూడ దేవుడు నా పానం కాపాడిండు, స్తోత్రం" అనేది. మగవాళ్ల వైపు నుంచి మా మరిది అందరికంటే గట్టిగా "ఆమెన్" అనేవాడు.

ఒక వేసవిలో నేను ఖమ్మంలో కంటి ఆపరేషను చేయించుకుని కొన్నాళ్లు అక్కడే ఉన్నాను. కారు తాళంచెవి చెల్లెలి దగ్గర పెట్టి వెళ్లాను. నేను లేనప్పుడు మరిది నా కారు ఫిల్టర్ కడిగాడు. అతని పాత ట్రాక్టర్లో గాలి వడకట్టే డబ్బా అడుగున నూనె ఉంటుంది. లోపలికి పోయే గాలిలోని దుమ్ము ఆ నూనెకు అంటుకుంటుంది. లోపలి జాలీని డీజిల్‌లో కడిగి, నూనె మార్చి, మళ్లీ బిగిస్తారు. మా వైపు ట్రాక్టర్ తోలేవాళ్లకు చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని అది. నా కాగితం ఫిల్టర్‌ను కూడా అతను అలాగే డీజిల్‌లో ముంచి, పిండి, కింది డబ్బాలో పాత ఇంజన్ ఆయిల్ పోసి మూత వేశాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. అందులో అబద్ధం లేదు.

నాకు ఆ సంగతి ఊరికి తిరిగొచ్చాక, గోదావరి వంతెన మధ్యలో తెలిసింది. కారు నల్లగా పొగ కక్కి, నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. వెనక బొగ్గు టిప్పరు. ఆపలేక పక్కకు కోశాడు. నా తలకంటే ఎత్తున్న చక్రం కిటికీ పక్కనుంచి పోయింది, వెనక బంపరు మూలను చీల్చుకుని పోయింది. కింద నది, పక్కన రెయిలింగు. నేను స్టీరింగు వదిలి దిగేసరికి నా అరచేతుల్లో దాని గుర్తులు పడి ఉన్నాయి.

కారును తాడు కట్టి ఊరికి లాగించుకొచ్చాను. మరిది టీ కొట్టు ముందు తన లోడింగు కూలీలతో కూర్చుని ఉన్నాడు. నూనె కారుతున్న ఫిల్టర్‌ను తీసుకెళ్లి అతని ముందున్న బెంచీ మీద పడేశాను.

"ఏందయ్యా ఇది? కాగితానికి నూనె పోస్తరా ఎవలన్నా? ఫిల్టర్ సక్కగ లేకపోతె బండి నడువదు. ట్రాక్టర్ తోలేటోనికి గిది కూడ తెల్వదా?"

కూలీల్లో ఒకతను, "అప్పడమనుకొని నూనెల ఏసిండు కాటమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. మరిది కూడా నవ్వాడు. టీ ఆఖరి చుక్కదాకా తాగి, గ్లాసు పెట్టి, "మంచిగ చెప్పినవ్ వదినా" అని లేచి వెళ్లాడు.

ఆ సాయంత్రం నా చెల్లెలి పై పెదవి ముక్కుదాకా చీలింది. నా మాటల వల్లే ఆమెకు ఆ దెబ్బ పడిందని ఊళ్లో ఒకరిద్దరు అన్నారు. నేను అలా అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. మాట నాది, చెయ్యి అతనిది.

అప్పటి నుంచే పాత ఫిల్టర్‌ను కోసేయడం మొదలుపెట్టాను. కడిగి మళ్లీ పెట్టడానికి ఎవరికీ ఏమీ మిగలకూడదని.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక ఆదివారం పొద్దున నేను రెండో ఆరాధనకు పోదామని మొదటిదాని సమయంలో ఫిల్టర్ పని పెట్టుకున్నాను. వీధి మొత్తం చర్చిలో ఉంది. మైకులో పాటలు పెద్దగా వస్తున్నాయి. బానెట్ ఎత్తాను, మూత తీశాను, పాతదాన్ని కోసి డబ్బాలో వేశాను. కొత్తదాని అంచు మీద తేదీ, అంకె రాసి పిట్టగోడ మీద పెట్టాను. తడిగుడ్డతో డబ్బా అడుగు తుడుస్తుండగా పక్కింట్లో స్టీలు బిందె పడిన చప్పుడైంది. బిందె దొర్లడం ఆగాక ఇంకో చప్పుడు. అది బిందెది కాదు. ఎండిన జామాయిల్ కొమ్మ విరిస్తే వచ్చే చప్పుడు అలా ఉంటుంది.

కంచె సందులోంచి నా చెల్లెలు వచ్చింది. కుడి చెయ్యి మోచేతికీ మణికట్టుకీ మధ్య వంగి ఉంది, అక్కడ వంగే కీలు దేవుడు పెట్టలేదు. జడ సగం ఊడి మెడకు చుట్టుకుంది. ఎడమ పిడికిలి బిగించి గుండెకు అదుముకుంది.

"అక్కా, బండి తియ్యి."

"ఏమైంది?"

"తాగి ట్రాక్టర్ తీస్తనంటుండు. పోయిన వారం గిట్లనే తాగి తోలి మేకలు కాసే పిల్లను తొక్కబోయిండు. తాళం ఇయ్యలే. తియ్యక్కా, సంపుతడు."

"డోరు తీసే ఉంది. కూసో."

ఆమె వెనక సీటులోకి పాకింది. అంతలోనే కంచె మొత్తం ఒక పక్కకు ఒరిగింది. సందులోంచి రావడానికి కూడా అతనికి ఓపిక లేదు, కర్రలు విరుచుకుంటూ వచ్చాడు. చేతిలో ట్రాక్టర్ టైరు విప్పే ఇనుప రాడ్డు. లుంగీ మీద, చొక్కా మీద కక్కిన మరకలు. రాత్రంతా తాగి, తెల్లారాక మళ్లీ తాగినట్టుంది.

"తాళం ఏదే? దిగు కిందికి!"

నేను అతనికీ డోరుకీ మధ్య నిలబడ్డాను. నా చేతిలో కత్తెర ఉంది. ఫిల్టర్ కోసే కత్తెర, జానెడు పొడవున్నది.

"చెయ్యి ఇరిగింది మరిదీ. దవాఖానాకు పోవాలె. పక్కకు జరుగు."

"ఒక్క చెయ్యే ఇరిగింది. ఇంకోటుంది గద. వదినా, నువ్వు నడుమ రాకు. ఇది మొగుడు పెండ్లాల ముచ్చట."

"నా జాగల నిలవడి నన్ను నడుమ రాకంటవా? అడుగు ముందుకెయ్యి, చూస్త."

అతను కత్తెర వైపు చూశాడు. తాగినా దాని పొడవు తెలిసేంత తెలివి ఉంది. రాడ్డుతో నా పక్కనున్న కుండీని కొట్టాడు. కుండీ పగిలి, మట్టీ మొక్కా నా కాళ్ల మీద పడ్డాయి. నేను కదల్లేదు. అప్పుడు అతని చూపు ఎత్తి ఉన్న బానెట్ మీద పడింది, తర్వాత పిట్టగోడ మీది కొత్త ఫిల్టర్ మీద పడింది. మొహం మారింది. టీ కొట్టు దగ్గర నవ్విన నవ్వే మళ్లీ వచ్చింది.

"ఓహో, కాటమ్మ రిపేరు పెట్టింది. నేను కడిగితె తప్పు. నేను నూనె పోస్తె తప్పు. నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్. నువ్వే చెప్పినవ్ గద వదినా, ఫిల్టర్ సక్కగ లేకపోతె బండి నడువదని?"

ఫిల్టర్‌ను అందుకుని, కోడి తొడ విరిచినట్టు రబ్బరు అంచును రెండు వైపులా పట్టి విరిచాడు. మడతలు పరపరా చీలాయి. కింద వేసి చెప్పుకాలితో నలిపాడు. మిగిలిన పీలికను మురుగు కాలువలోకి తన్నాడు.

"ఇగ తోలుకపో. ఎట్ల పోతవో చూస్త" అని పిట్టగోడ మీద కూర్చుని, రాడ్డు ఒళ్లో పెట్టుకుని, బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

అతను నా మాట నమ్మాడు. నూనెలో నానిన ఫిల్టర్ గాలి ఆడనివ్వదు కాబట్టి ఆ రోజు బండి ఆగింది. అసలు ఫిల్టరే లేకపోతే గాలికి అడ్డమే లేదు. ఇంజను దుమ్ము తిని లోపల అరిగిపోతుంది, కాని నడుస్తుంది. నేను కోపంలో అరిచిన మాటలో ఆ తేడా లేదు. ఆ తేడా అతనికి తెలియకపోవడం వల్లే మాకు బీడీ ముట్టించుకునేంత సేపు దొరికింది.

కత్తెరను నడుము దగ్గర దోపుకున్నాను. ఖాళీ డబ్బా మీద మూత పెట్టి క్లిప్పులు వేశాను.

"ఉత్త డబ్బాకు మూత ఏస్తున్నవా వదినా? పిచ్చి లేసిందా?"

"ఏమైనా పడ్తదని" అన్నాను. బానెట్ దించాను. డ్రైవరు సీట్లో కూర్చుని డోరు లాక్ చేశాను.

తాళం తిప్పగానే ఇంజను లేచింది. ఫిల్టర్ లేకపోవడంతో దాని గొంతు మారిపోయింది. ఎప్పుడూ గుసగుసలాడే బండి గసపెడుతూ అరిచింది. అతని నోట్లోంచి బీడీ జారింది. ఒక్క గెంతులో వచ్చి రాడ్డుతో ముందు అద్దం మీద కొట్టాడు. అద్దం సాలెగూడులా పగిలింది. రెండో దెబ్బకు మధ్యలో రంధ్రం పడి, గాజు నలుసులు నా ఒడిలో పడ్డాయి. చెంప మీద ఏదో వెచ్చగా జారింది. మూడో దెబ్బ కొట్టకుండా అతను గేటు దగ్గరికి ఉరికి, తెరిచి ఉన్న గేటు రెక్కను ఆనుకుని, దారికి అడ్డంగా నిలబడి రాడ్డు ఎత్తాడు.

"దిగుర్రి! ఇద్దర్నీ ఈన్నే పాతిపెడ్త!"

మొదటి గేరు వేశాను. హారన్ కొట్టలేదు. క్లచ్ వదిలాను.

అతను జరుగుతాడని నేను అనుకోలేదు. నేను ఆగుతానని అతను అనుకున్నాడు. బంపరు అతని మోకాలికి తగిలింది. రాడ్డు బానెట్ మీద పడి గీసుకుంటూ పోయింది. అతను వెనకున్న ఇనుప రెక్కకు కొట్టుకున్నాడు, రెక్క మడతబందుతో సహా ఊడి అతనితో పాటు పక్కకు పడింది. చక్రం దేని మీదా ఎక్కలేదు. నేను పక్క అద్దంలో చూశాను. లేవబోతూ, ఒక కాలు లేవక, కాలువ పక్కన పడి బూతులు తిడుతున్నాడు.

"అక్కా! ఆయన!" అని అరిచింది చెల్లెలు.

"బతికే ఉన్నడు. తిట్టబట్టిండు, వినబడ్తలేదా? కూసో."

రోడ్డెక్కాక పగిలిన అద్దంలోంచి ఏమీ కనబడలేదు. రంధ్రంలోంచి చూస్తూ తోలాను. టిప్పరు ఎదురైనప్పుడల్లా బూడిద ఆ రంధ్రంలోంచి నా మొహాన కొట్టేది, కింద ఇంజను కూడా అదే బూడిదను తాగేది. ఆ బండికి ఒక్క పొట్టు రేకు కూడా లోపలికి పోకుండా అన్నాళ్లూ కాపాడాను. ఇప్పుడు నోరు తెరిపించి తోలుతున్నాను. నా పళ్ల మధ్య ఇసుక నలిగినట్టే ఉంది. గుంతల దగ్గర కూడా వేగం తగ్గించలేదు. ప్రతి గుంతకూ వెనక నుంచి ఒక మూలుగు.

వంతెన ఎక్కాక ఆమె మాట్లాడింది.

"అక్కా, దవాఖానల ఏం చెప్పాలె?"

"ఏం చెప్తవో నీ ఇష్టం."

"బోరింగు కాడ..."

"చెప్పు. నేను మాత్రం నీ మొగుణ్ని బండితోని గుద్దిన అనే చెప్త. నువ్వు బోరింగు కాడ జారితె నేను ఉత్తపుణ్యానికి మనిషిని గుద్దినట్టు. జైల్ల నాకు సద్ది పట్టుకొస్తవు గద?"

గోదావరి కింద సన్నగా, ఇసుక మేటల మధ్య పారుతోంది. వెనక సీటులో ఆమె ఎడమ పిడికిలిని ఇంకా గుండెకు అదుముకునే ఉంది.

భద్రాచలం దవాఖానలో ఎక్స్‌రే ఫోటో తీశారు. చేతిలో రెండు ఎముకలూ విరిగాయి. అవి కాక పాతవి కూడా కనబడ్డాయని చిన్న వయసు డాక్టరమ్మ చెప్పింది. ఒక పక్కటెముక, ఒక వేలు. ఎప్పుడో విరిగి, వాటంతటవే వంకరగా అతుక్కున్నవి. "ఇవి ఎట్లయినయి?" అని అడిగింది. నా చెల్లెలు గోడకేసి చూసింది.

కట్టు కడుతుండగానే అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మీద మా మరిది. మోకాలు గుమ్మడికాయంత ఉబ్బి ఉంది. దవాఖానలో కూర్చునే పోలీసాయనను అతనే కేకేసి పిలిచాడు.

"రాసుకో సారూ. మా వదిన కారుతోని గుద్ది సంపబోయింది. ఇగో, నా పెండ్లామే సాక్షి. దాన్నడుగు."

అతనికి అంత ధైర్యం. పెళ్లైనప్పటి నుంచి ఆమె చెప్పిన మాట ఒక్కటే, అది అతనికి కంఠతా వచ్చు.

పోలీసాయన ముందు నన్ను అడిగాడు. "గుద్దినవా అమ్మా?"

"గుద్దిన."

"చూస్కోలేదా?"

"చూసే గుద్దిన. మొదటి గేరుల."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "అమ్మా, గట్ల చెప్తె నీ మీద కేసైతది."

"అయితె కానియ్. నా చీటీల ఉన్నది ఉన్నట్టే ఉంటది."

ఆయన నా చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. చేతికి ఏమైంది?"

మరిది స్ట్రెచర్ మీద నుంచి తల ఎత్తాడు. గొంతు ఎంత మెత్తగా చేసుకున్నాడో. "చెప్పవే. భయపడకు. బోరింగు కాడ జారినవ్ గద. మీ అక్క ఉట్టిగనే నా మీద పగ పట్టింది. చెప్పు సారుకు."

నా చెల్లెలు ఎడమ పిడికిలి తెరిచింది. ఇంటి దగ్గర బిగించినది అప్పటిదాకా తెరవలేదు. ట్రాక్టర్ తాళంచెవి అరచేతిలో కోసుకుపోయి, రక్తంతో అంటుకుని ఉంది. దాన్ని పీకి పోలీసాయన కాగితాల మీద పెట్టింది.

"నేను బోరింగు కాడ ఎన్నడు పడలే సారూ."

ఆయన పెన్ను తీసుకున్నాడు.

"గిది ఇయ్యనందుకు రాడ్డుతోని కొట్టిండు. అంతకు ముందు కొట్టినయి కూడ చెప్తా. రాసుకోండ్రి."

మరిది చెయ్యి పక్కనున్న సెలైన్ స్టాండు మీదికి పోయింది. దాన్ని లాగి ఆమె తల మీదికి విసిరాడు. సీసా గోడకు తగిలి పడింది, స్టాండు డాక్టరమ్మ భుజానికి తగిలింది. ఒంటికాలి మీద లేచి "నాలుక కోస్తనే నీది!" అంటూ దూకబోయి నేల మీద పడ్డాడు. వార్డుబాయిలు ఇద్దరు, పోలీసాయన కలిసి మోకాళ్లు అతని వీపు మీద పెట్టి అదిమిపట్టారు. ఆ పడటంలో అతని దెబ్బతిన్న మోకాలు విరిగింది. ఆ చప్పుడు కూడా నాకు పొద్దున విన్నట్టే వినబడింది. నా చెల్లెలు కళ్లు మూసుకోలేదు. వాళ్లు అతన్ని ఈడ్చుకెళ్లేదాకా చెబుతూనే ఉంది. చెవి తమ్మె, పన్ను, పెదవి, పక్కటెముక. పోలీసాయన రెండో కాగితం అడిగి తెప్పించుకున్నాడు.

అతని మీద కేసు నడుస్తోంది, నా మీదా నడుస్తోంది. వాయిదా ఉన్నప్పుడల్లా కొత్తగూడెం కోర్టుకు పోతాను. ఒక్కటీ తప్పలేదు. అక్కడా అదే చెప్పాను, మొదటి గేరు అనే చెప్పాను. బెయిలు మీద బయటికొచ్చాక అతను అశ్వారావుపేట వైపు తన అన్నల దగ్గర ఉంటున్నాడు. ఒకసారి వచ్చి నా కొత్త గేటును కర్రతో బాదాడు. ఇప్పుడు నాతోనే ఉంటున్న నా చెల్లెలు లోపలి నుంచి పోలీసులకు ఫోను చేసి, వాళ్లు వచ్చేదాకా కిటికీలోంచి అతన్ని చూస్తూ నిలబడింది. అతను పారిపోతున్నప్పుడు ఒక కాలు ఈడుస్తున్నాడు. "కుంటుతున్నడు" అంది. ఆ గొంతులో జాలి ఉందేమోనని చూశాను. లేదు.

కారుకు అద్దం మార్పించాను. మెకానిక్ గాలి గొట్టం విప్పి నాకు చూపించాడు. లోపల బూడిద, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా పేరుకుంది. శుభ్రం చేశాడు, ఆయిల్ మార్చాడు. అప్పటి నుంచి ఇంజను కొంచెం నూనె తాగుతోంది, పొద్దున స్టార్టు చేస్తే నీలంగా పొగ వస్తుంది. తాగనీ.

మళ్లీ ఫిల్టర్ మార్చే రోజు వచ్చింది. ఈసారి కొత్తవి రెండు తెప్పించి, ఒకటి ఇంట్లో దాచాను. నేను బానెట్ ఎత్తి పాతదాన్ని బయటికి తీస్తుంటే నా చెల్లెలు కత్తెర పట్టుకుని పక్కన నిలబడింది. కుడి చెయ్యి సరిగా అతుక్కోలేదు, పిడికిలి పూర్తిగా మూసుకోదు. ఎడమ చేతితోనే పట్టుకుంది.

"నేను కోస్తా అక్కా."

ఫిల్టర్‌ను కాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుంది. రబ్బరు అంచు మొదట తెగలేదు. పళ్లు బిగించి అదిమింది, తెగింది. తర్వాత కాగితం. బూడిద ఆమె ఒడినిండా రాలింది. నాలుగు ముక్కలయ్యాయి.

"చాల్లే, ఇగ డబ్బాల ఎయ్యి" అన్నాను.

ఆమె వినలేదు. ఒక ముక్క అందుకుని రెండు చేసింది, దాన్ని మళ్లీ రెండు చేసింది. దుమ్ముకు తుమ్ము వచ్చినా ఆపలేదు. నేను కొత్త ఫిల్టర్ అంచు గాడిలో కూర్చోబెట్టి, చుట్టూ వేలితో తడిమి చూసి, మూత వేసి, క్లిప్పులు బిగించి, బానెట్ దించేదాకా వెనక నుంచి కత్తెర చప్పుడు వస్తూనే ఉంది.